తాపీ ఒడ్డున తాపీ కరువు

మన తెలుగులో 'తాపీ' అనే మాట ఒకటి ఉన్నది. తొందరపాటు లేని నెమ్మదితనానికి అది పేరు. "తాపీగా రండి", "తాపీగా మాట్లాడుకుందాం" అంటూ ఉంటాము. గోడ కట్టే మేస్త్రీ చేతిలోని తాపీ వేరు. ఆయనకు కూడా తొందర పనికిరాదనుకోండి. నేను కాపురం ఉంటున్న కామ్‌రేజ్ సూరత్ నగరానికి ఈశాన్య దిక్కున, తాపీ నది ఒడ్డున ఉన్నది. ఈ నదికి సూర్యపుత్రిక తపతి పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. అంటే ఆ పేరులో ఉన్నది ఎండ వేడిమే తప్ప నెమ్మది కాదు. కామ్‌రేజ్ చార్ రస్తా వద్ద తెల్లవారుజామున నిలబడి చూస్తే ఈ సంగతి బోధపడుతుంది. ముంబయి వైపు పోయే లారీలు, బట్టల బేళ్ల టెంపోలు, వజ్రాల సానపట్టే కార్ఖానాలకు పరుగుతీసే యువకులు, మొదటి షిఫ్టు బస్సు కోసం టిఫిన్ డబ్బాతో ఎదురుచూసే మనబోటివారు. "తాపీ ఒడ్డున ఇన్ని లక్షలమంది ఉన్నారు గానీ, తాపీగా ఉన్నవాడు ఒక్కడూ కనబడడు" అని మా శ్రీమతి ఒకనాడు బాల్కనీలో నిలబడి అన్నది. ఈ నెల శీర్షికకు ఆ మాటే పునాది.

ఈ పేజీలో నేను ఇంతవరకు పంపులను గురించి, వాల్వులను గురించి, ప్రమాద నివారణను గురించి వ్రాస్తూ వచ్చాను. ఈసారి సెలవును గురించి వ్రాయదలచాను. ఇదేమిటి, ఇంజనీరు దారి తప్పాడని పాఠకులు అనుకోవద్దు. సెలవు కూడా నిర్వహణ శాఖకు చెందిన విషయమేనని ఎంతో ఆలస్యంగా గ్రహించినవాడిని నేను.

కమోలీలో ఒక ఆదివారం

2006వ సంవత్సరం సెప్టెంబరులో ఒక కంప్రెసరు తుది పరీక్షకు సాక్షిగా మన సంస్థ తరఫున ఇటలీకి వెళ్లాను. కర్మాగారం జెనోవా నగరానికి సమీపంలో ఉన్నది. శనివారం సాయంత్రానికి పరీక్షలో సగభాగం ముగిసింది. ఆదివారం కూడా పని చేస్తే రెండు రోజులు ముందుగా ఇల్లు చేరవచ్చునని నాకు ఆశ పుట్టింది. ఆ మాటే అక్కడి ఇంజనీరుతో అన్నాను. ఆయన చిరునవ్వు నవ్వి, "మా రాజ్యాంగం ఒప్పుకోదు" అన్నాడు. హాస్యమాడుతున్నాడనుకున్నాను. కాదు. 1948లో అమలులోకి వచ్చిన ఇటలీ రాజ్యాంగంలోని 36వ అధికరణం శ్రామికుడికి వారాంతపు విశ్రాంతి, వేతనంతో కూడిన వార్షిక సెలవు హక్కులుగా ఇచ్చింది. అంతటితో ఆగలేదు. ఆ హక్కును అతడు తనంతట తాను వదులుకోవడానికి కూడా వీలులేదని చెప్పింది. ఇతరులు లాక్కోకుండా కాపాడే హక్కులు మనకు తెలుసు గానీ, మన చేతుల నుండే మనలను కాపాడే హక్కు ఒకటి ఉంటుందని నాకు అంతవరకు తోచలేదు.

చేసేది లేక ఆదివారం ఉదయం రైలెక్కి, తూర్పుగా అరగంట పైచిలుకు ప్రయాణించి కమోలీ అనే చిన్న ఊరిలో దిగాను. కొండకు, సముద్రానికి నడుమ ఇరుకైన జాగాలో కట్టిన ఊరు అది. స్టేషను దిగితే సముద్రం వరకు మెట్లే మెట్లు. తీరం వెంబడి ఆరేసి, ఏడేసి అంతస్తుల ఇళ్లు భుజాలు ఆనించుకొని వరుసగా నిలబడి ఉంటాయి. ఒకటి పసుపు, ఒకటి గులాబి, ఒకటి కావి రంగు; తలుపులకు ఆకుపచ్చ రెక్కలు. దగ్గరకు వెళ్లి చూస్తే కొన్ని కిటికీలు కిటికీలే కావు, గోడ మీద వేసిన బొమ్మలు! తీరంలో ఇసుక లేదు, నున్నని గులకరాళ్లు ఉన్నాయి. ఒడ్డున బండరాయి మీద ఒక పాత చర్చి, దాని పక్కన చిన్న కోట, వాటి చాటున పడవలు నిలిచే రేవు. చూడవలసినవి ఇంతే. గంటలో అంతా చూసేశాను.

తరువాత ఏమి చేయాలో తోచలేదు. చేతిలో కాగితం లేదు, చూడవలసిన మీటరు లేదు. ఒక బల్ల మీద కూర్చొని మాటిమాటికి గడియారం చూసుకుంటున్నాను. నా చుట్టూ ఉన్నవారు మాత్రం ఏ పనీ లేకుండా, దానికి ఏ సిగ్గూ లేకుండా కూర్చొని ఉన్నారు. ముసలి దంపతులు ఒక్క కాఫీ కప్పు ముందు గంటసేపు మాట్లాడుకున్నారు. మధ్యాహ్న భోజనం వేళకు దుకాణాలు మూతపడ్డాయి. ఊరంతా కునుకు తీసింది. ఆలివ్ నూనె, ఉప్పు చల్లి కాల్చిన ఫొకాచ్చా అనే మందపు రొట్టె నా శాకాహారానికి అక్కరకు వచ్చింది. సాయంత్రం ఎండ చల్లబడగానే పిల్లా పెద్దా మంచి బట్టలు కట్టుకొని తీరం వెంట ఒక కొస నుండి మరొక కొసకు నడవడం మొదలుపెట్టారు. ఎదురైనవారిని పలకరించడం, కొస చేరగానే వెనుదిరగడం, మళ్లీ పలకరించడం. ఇదే వారి సాయంకాలపు ఉత్సవం. మన పల్లెలలో చల్లపొద్దున అరుగుల మీద చేరి మాట్లాడుకునే అలవాటుకు కాళ్లు వస్తే ఇలాగే ఉంటుందనిపించింది.

రేవులో నన్ను ఆపినది వేరొక దృశ్యం. చుట్టలు చుట్టి పెట్టిన కొబ్బరి పీచు తాళ్లు! కోనసీమలో పుట్టినవాడిని గనుక దూరం నుండే గుర్తుపట్టాను. ఆ దేశంలో కొబ్బరి తోట లేదు. ఒక వృద్ధ జాలరి సైగలతోనూ, రెండు మూడు ఇంగ్లీషు ముక్కలతోనూ వివరించాడు. ట్యూనా చేపలు పట్టే 'తొన్నరెల్లా' అనే పెద్ద వలను ప్రతి ఏటా జాలరులు తమ చేతులతో కొబ్బరి పీచు తాడుతో అల్లుతారు. ఏప్రిల్‌లో సముద్రంలో దించితే సెప్టెంబరు వరకు అది నీటిలోనే ఉంటుంది. పని తీరిన పీచు నీటిలో కుళ్లి సముద్రానికే చెందుతుంది. ప్లాస్టిక్ వలలాగా శాశ్వతమైన చెత్తగా మిగలదు. తీరికగా కనబడిన ఆ ఊరి వెనుక ఏడాది పొడుగునా సాగే చేతిపని ఉన్నదని అప్పుడు తెలిసింది. అక్కడివారు సోమరులు కారు. పని వేళ పనికి, విశ్రాంతి వేళ విశ్రాంతికి ఇచ్చినవారు.

భార్యల ఇల్లు

కమోలీ అనే పేరుకు 'భార్యల ఇల్లు' అని జనం చెప్పుకునే అర్థం ఒకటి ఉన్నది. భాషావేత్తలు దీనిని అంగీకరించకపోవచ్చును గానీ, ఊరి చరిత్రకు అది చక్కగా అతుకుతుంది. 19వ శతాబ్దంలో ఈ చిన్న ఊరి ఓడలు ప్రపంచ సముద్రాలన్నింటా తిరిగాయి. 'వేయి తెల్ల తెరచాపల నగరం' అని దానికి పేరు. మగవారు నెలల తరబడి సముద్రం మీద ఉండేవారు. ఇల్లు, వ్యవహారం, పిల్లల చదువు, వృద్ధుల సేవ, యావత్తూ స్త్రీలే నడిపేవారు. ఆ ఇళ్లకు వేరువేరు రంగులు ఎందుకంటే, తిరిగి వచ్చే నావికుడు దూరం నుండే తన ఇంటిని ఆనవాలు పట్టడానికని చెబుతారు. ఊరి పైన ఉన్న ఒక పుణ్యస్థలంలో, తుఫానులలో బ్రతికి బయటపడిన నావికులు మొక్కుబడిగా సమర్పించిన ఓడల చిత్రపటాలు ఉన్నాయి. తిరిగి రానివారి మాటేమిటి? అందుకే 1853లో కమోలీ ఓడల యజమానులు కలిసి పరస్పర బీమా సంఘం ఒకటి ఏర్పాటు చేసుకున్నారు. ఒకరి ఓడ మునిగితే నష్టం అందరూ పంచుకోవాలని దాని నియమం. మన సంస్థలలోని సంక్షేమ నిధికి అది పెద్దక్క అనుకోవచ్చును.

ఆ సాయంత్రం తీరాన కూర్చొని, మా శ్రీమతిని ఇక్కడికి తీసుకురావాలని సంకల్పించుకున్నాను. ఇంటికి వచ్చి ఆమెకు మాట ఇచ్చాను. బొమ్మ కిటికీల సంగతి, కొబ్బరి తాళ్ల సంగతి వర్ణించి వర్ణించి చెప్పాను. "భార్యల ఇల్లయితే నేను లేకుండా మీరెలా వెళ్లారండీ?" అని ఆమె నవ్వింది.

కామ్‌రేజ్‌కు ఆ సముద్రానికి ఉన్న చుట్టరికం

తరువాత కొంతకాలానికి సూరత్‌లోని ఒక మిత్రుడి ఇంట పాత పుస్తకాలు తిరగవేస్తుండగా ఒక వింత తెలిసింది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో పేరు తెలియని ఒక గ్రీకు వర్తకుడు 'పెరిప్లస్' అనే సముద్ర యాత్రా దర్శిని వ్రాశాడు. భరుకచ్ఛం, అనగా నేటి భరూచ్ రేవుకు వచ్చే దారిని వివరిస్తూ 'కమ్మొని' అనే గ్రామాన్ని పేర్కొన్నాడు. ఆ కమ్మొని మన కామ్‌రేజేనని కొందరు పండితుల అభిప్రాయం. చాళుక్యుల నాటి తామ్ర శాసనాలలో కనబడే 'కార్మణేయ' అనే సీమ పేరును కూడా కామ్‌రేజ్‌తో జతపరచారు. 2003లో పురావస్తు పరిశోధకులు ఇక్కడ త్రవ్వకాలు జరిపి, ప్రాచీన సముద్ర వ్యాపారం ఆనవాళ్లను, పడమటి దేశాల నుండి వచ్చిన కూజాల పెంకులను వెలికితీశారు. కమోలీ, కమ్మొని, కామ్‌రేజ్ అని నాలుకకు ఒకే రుచి తగిలే పేర్లు వరుసగా వ్రాసుకొని మురిసిపోయాను. ఆ పోలిక కాకతాళీయమే. చుట్టరికం మాత్రం నిజం. ఇటలీ ద్రాక్షసారాయి, పగడాలు, గాజు సామాను ఈ తీరానికి దిగేవి. నూలుబట్టలు, దంతం, పిప్పళ్లు, రంగురాళ్లు ఇక్కడి నుండి వెళ్లేవి. శాతవాహనుల పైఠాన్ నగరం నుండి బండ్ల మీద సరుకు ఇరవై రోజులలో భరుకచ్ఛం చేరేదని కూడా ఆ వర్తకుడు వ్రాశాడు. అంటే మన ఆంధ్ర రాజుల సీమల సరుకు ఈ దారినే మధ్యధరా సముద్రం చేరింది. నేడు తెలంగాణ నుండి తరలివచ్చి సూరత్ మరమగ్గాల వద్ద బట్ట నేస్తున్న మన పద్మశాలి సోదరులు ఈ దారికి కొత్తవారు కారు.

ఆ గ్రంథకర్తను అన్నింటికంటె ఎక్కువగా బెదరగొట్టినది ఇక్కడి ఆటుపోటు. కారణం ఇంజనీరుకు సులభంగా అర్థమవుతుంది. మధ్యధరా సముద్రం దాదాపు మూతపెట్టిన పాత్ర. జిబ్రాల్టర్ వద్ద సుమారు 14 కిలోమీటర్ల సందు మాత్రమే దానిని మహాసముద్రంతో కలుపుతున్నది. ఆ సందులోనుంచి అట్లాంటిక్ పోటు లోపలికి చొరబడలేదు. కమోలీ తీరాన నీటి మట్టం హెచ్చుతగ్గులు ఇంచుమించు ఒక్క అడుగు. అందుకే వారు కాఫీ బల్లలను నీటి అంచున వేసుకొని నిశ్చింతగా కూర్చుంటారు. మన ఖంభాత్ సింధుశాఖ గరాటు ఆకారంలో ఉన్నది. అరేబియా సముద్రపు పోటు ఇరుకైన కొద్దీ ఎత్తు పెరుగుతూ వచ్చి భావనగర్ వద్ద 10 మీటర్లు దాటుతుంది. అలంగ్ తీరాన పెద్ద పెద్ద ఓడలను విరగగొట్టడానికి ఒడ్డెక్కించగలుగుతున్నది కూడా ఈ పోటు బలంతోనే. ఆటుపోటు ఎరుగని సముద్రం నుండి వచ్చిన నావికులు ఇక్కడ ఎంత తల్లడిల్లి ఉంటారో ఊహించండి. వారికి దారి చూపడానికి రాజు కొలువులోని స్థానిక జాలరులు పడవలతో ఎదురు వెళ్లేవారట. ఆ జాలరులకు తెలిసిన విద్య ఒక్కటే: ఎప్పుడు కదలాలి, ఎప్పుడు ఆగాలి.

మురిగిపోయిన సెలవు

ఇంత తెలిసినవాడినే గానీ, ఆగడం మాత్రం నాకు తెలియలేదు. కమోలీకి వెళదామన్న మాట ఏటా ముందుకు జరిగింది. ఒక ఏడు వార్షిక షట్‌డౌన్, మరొక ఏడు మా అమ్మగారి అనారోగ్యం, ఆపైన పిల్లవాడి ఇంజనీరింగు ప్రవేశం, ఆపైన అమ్మాయి పెళ్లి. ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ వీటి నడుమ ఖాళీగా గడచిన వారాలు కూడా ఉన్నాయి. వాటిలో సెలవు పెట్టకపోవడానికి కారణం వేరు. మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కార్మికుడికి 20 పనిదినాలకు ఒక రోజు చొప్పున వేతన సెలవు ఇచ్చింది. దానిని వాడుకోవాలని ఇచ్చింది. మనము దానిని దాచుకోవడం నేర్చుకున్నాము. ఆర్జిత సెలవు కూడబెట్టి, పదవీ విరమణనాడు సొమ్ము చేసుకోవడం మన ఇళ్లలో ఒక పొదుపు పథకమైంది. సొమ్ము అక్కర నాకు తెలియనిది కాదు. ఆ సొమ్ముతో ఇల్లు కట్టుకున్నవారు, బిడ్డలకు పెళ్లిళ్లు చేసినవారు మనలో ఎందరో ఉన్నారు. వారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. నా లెక్క మాత్రం నేను చెప్పుకోవాలి. నా ఖాతాలో గరిష్ఠ పరిమితి 300 రోజులు నిండి చాలాకాలమైంది. ఆపైన చేరినది చేరినట్టే మురిగిపోతున్నది. అయినా సెలవు పెట్టలేదు. నేను లేకపోతే యంత్రం ఆగిపోతుందనే అహంకారం తప్ప దానికి వేరే పేరు లేదు.

నిరుడు దీపావళి తరువాత ఒకరోజు కాగితాలు సర్దుతూ, "పదవీ విరమణ కాగానే కమోలీకి వెళదాము, ఇంకా రెండేళ్లే" అన్నాను. మా శ్రీమతి మోకాళ్లకు నూనె రాసుకుంటున్నది. తల ఎత్తకుండానే, "మీరు చెప్పిన ఆ మెట్లు నేనిప్పుడు దిగలేనండీ" అన్నది. నిష్ఠూరం లేదు, కోపం లేదు. పాలు పొంగాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను జవాబు చెప్పలేకపోయాను. కొంచెం సేపు ఆగి ఆమే అన్నది: "మూడు వందల రోజులు బ్యాంకులో వేసుకున్నారు కదా, నాకు ఒక్క రోజు అప్పివ్వండి. ఇక్కడే ఎక్కడైనా సముద్రం చూసి వద్దాం."

నీరు లేని సముద్రం

ఆ శీతాకాలంలోనే ఒక శుక్రవారం ఆర్జిత సెలవు పెట్టి, ఇద్దరమూ కామ్‌రేజ్ నుండి దమన్‌కు బయలుదేరాము. పల్సాణా, నవసారి, వల్సాడ్‌ల మీదుగా వాపి వరకు జాతీయ రహదారి. అక్కడ కుడివైపు తిరిగితే దమన్. 1559 నుండి 1961 డిసెంబరు వరకు, అంటే నాలుగు వందల ఏళ్లు, అది పోర్చుగీసువారి చేతిలో ఉన్నది. దమన్‌గంగా నదికి ఉత్తరాన నానీ దమన్, దక్షిణాన మోటీ దమన్. గుజరాతీలో నానీ అంటే చిన్న, మోటీ అంటే పెద్ద. మోటీ దమన్ కోటగోడల లోపల చెట్ల నీడన నిశ్శబ్దమైన వీధులు, 1603 నాటి బోమ్ జెసూస్ చర్చి, దానిలో చెక్కపని చేసిన బలిపీఠం ఉన్నాయి. పోర్చుగల్ మధ్యధరా తీరదేశం కాదు, అట్లాంటిక్ తీరదేశం. అయినా ఆ తెల్ల గోడలు, ఆ చెక్క కిటికీల నీలిరంగు చూడగానే కమోలీ ఆదివారం కళ్లముందు మెదిలింది. గుజరాత్‌లో మద్యనిషేధం ఉన్నందున దమన్‌కు వేరే పని మీద వచ్చేవారు కూడా ఉంటారు. వారిని గురించి ఈ శీర్షికలో చెప్పవలసినది లేదు.

మధ్యాహ్నం పన్నెండు గంటలకు జంపోర్ తీరం చేరాము. అక్కడ సముద్రం లేదు! సరుగుడు చెట్ల వరకు మనము వచ్చాము గానీ, నీరు మాత్రం ఎక్కడో దూరాన వెండి గీతలాగా కనబడుతున్నది. ఈ నడుమ అంతా బూడిదరంగు తడి నేల. ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్ల మీద ఇంతకుముందు పాఠం చెప్పిన ఇంజనీరు, బయలుదేరే ముందు పోటు వేళల పట్టిక చూసుకోవడం మరచిపోయాడు. మా శ్రీమతి నా ముఖం చూసి, కడుపు పట్టుకొని నవ్వింది. "ఇరవై ఏళ్లకు సముద్రం చూపిస్తానని తీసుకొచ్చారు, అది కూడా సెలవు పెట్టి వెళ్లిపోయింది!" ఆమె అంతగా నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో నాకు గుర్తులేదు. కొబ్బరిబోండాల వాడు మమ్మల్ని ఓదార్చాడు. "పాణీ సాంజే ఆవ్‌శే" అన్నాడు. నీరు సాయంత్రానికి వస్తుందట.

లెక్క వేశాను. ఆటుకు పోటుకు నడుమ సుమారు ఆరు గంటల పన్నెండు నిమిషాలు. ఆనాడు షష్ఠి, పున్నమికి, అమావాస్యకు వచ్చేటంత ఉధృతి ఉండదు గానీ నీరు తప్పక వస్తుంది. ఆరుంబావు వరకు ఆగాలి. నా అలవాటు ప్రకారం, "ఈలోగా వాపి వెళ్లి ఏదైనా పని చూసుకొని వద్దామా?" అన్నాను. "కూర్చోండి" అన్నది ఆవిడ.

సరుగుడు నీడన దుప్పటి పరచుకొని కూర్చున్నాము. మొదటి గంట నేను కమోలీలో లాగానే గడియారం చూసుకున్నాను. తరువాత మానేశాను. పులిహోర తిన్నాము, బోండాలు త్రాగాము, పాత సంగతులు మాట్లాడుకున్నాము. ఆ మాటల మధ్య, ముప్ఫై ఏళ్ల కాపురంలో నాకు తెలియని సంగతి ఒకటి చెప్పింది. పెళ్లయిన కొత్తలో మేము క్వార్టర్సులో ఉండేవాళ్లము. వంటింటి కిటికీలో నుండి ప్లాంటు ఫ్లేర్ మంట కనబడేది. నేను రాత్రి షిఫ్టుకు వెళ్లినప్పుడు ఆమె ఆ కిటికీ దగ్గర నిలబడి మంటను చూసేదట. మంట చిన్నదిగా, నిలకడగా ఉంటే ప్లాంటు సవ్యంగా నడుస్తున్నదని పడుకునేదట. ఒక్కసారిగా ఎగసి ఆకాశం ఎర్రబడితే ఏదో ట్రిప్పయిందని, నేను ఉదయం ఇంటికి రానని గ్రహించి, చంటిపిల్లవాడిని ఒడిలో పెట్టుకొని తెల్లవార్లూ కూర్చునేదట. "పక్క క్వార్టరు కిటికీలో కూడా దీపం వెలుగుతూ ఉండేది. ఆవిడా చూస్తూ ఉండేదన్నమాట. మర్నాడు కుళాయి దగ్గర ఇద్దరం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు" అన్నది.

నేను చాలాసేపు మాట్లాడలేదు. భార్యల ఇల్లు చూడడానికి ఇటలీ దాకా వెళ్లి, నా ఇంటిని నేను చూడలేదు. మన టౌన్‌షిప్పులన్నీ కమోలీలే. ప్రతి షిఫ్టు ఒక సముద్ర ప్రయాణమే. తిరిగి వచ్చేవాడి కోసం కిటికీలో నిలబడి మంట రంగు చూసి మనసు కుదుటపరచుకున్న తల్లులు, భార్యలు, నేడు స్త్రీలు కూడా షిఫ్టులు చేస్తున్నారు గనుక వారి భర్తలు, అందరూ ఈ సంస్థ నడిపినవారే. వారి పేర్లు ఏ హాజరు పట్టీలోనూ లేవు. మనం మురగబెట్టే సెలవులో సగం న్యాయంగా వారిది. ఈ సంగతి 2006లో తెలిసి ఉంటే, ఆ మెట్లు దిగగలిగిన కాళ్లు ఉన్నప్పుడే ఆమెను తీసుకువెళ్లేవాడిని. ఆ నష్టాన్ని ఏ ఎన్‌క్యాష్‌మెంటూ పూడ్చలేదు.

నాలుగు గంటల ప్రాంతంలో వెండి గీత దగ్గరకు రావడం కనబడింది. అది వచ్చే తీరు విచిత్రం. అలగా రాదు, నేల మీద పాలు ఒలికినట్లు గుంటలు నింపుకుంటూ, మెట్టలను చుట్టివేస్తూ వస్తుంది. అప్పటిదాకా దూరాన ఆడుకుంటున్న పిల్లలను పెద్దలు కేకలు వేసి వెనుకకు పిలిచారు. ఆరు గంటలయ్యేసరికి ఎదుట నిండు సముద్రం, దాని మీద క్రుంగుతున్న సూర్యుడు. మా శ్రీమతి మెట్లు దిగనవసరం లేకుండానే నీరు ఆమె పాదాల దాకా నడచి వచ్చింది. కమోలీ సముద్రం ఎప్పుడు వెళ్లినా ఉన్నచోటనే ఉంటుంది. మన సముద్రం ఆగినవారికి మాత్రమే కనబడుతుంది.

పాఠకులకు నా మనవి ఇంతే. ఈ పత్రిక చేతికందిన వారంలోనే మీ సెలవు ఖాతా ఒకసారి చూడండి. విదేశాలు అక్కరలేదు. సూరత్ పరిసరాలలో ఉన్నవారికి డూమస్, ఉభ్రాట్, దాండీ, తీథల్, దమన్ అన్నీ ఒక్కరోజు దూరమే. విశాఖలో ఉన్నవారికి భీమిలి ఉండనే ఉన్నది. ఈ పడమటి తీరాలకు వెళ్లేవారు పోటు వేళలు చూసుకొని వెళ్లండి. ఆటు వేళ తడి నేల మీద దూరం నడవవద్దు. నీరు తిరిగి వచ్చే వేగం మనిషి నడకను మించగలదు. ఇక ఇంజనీరుగా ఒక్క మాట. కంప్రెసరుకు షట్‌డౌన్ తేదీ ఏడాది ముందుగా నిర్ణయించి, అది తప్పితే పై అధికారికి సంజాయిషీ ఇచ్చుకునే మనము, ఇంటివారికి ఇచ్చిన తేదీని కూడా ఆ పట్టికలోనే వ్రాసుకుందాము.

చీకటి పడిన తరువాత బయలుదేరి రాత్రి పది దాటాక కామ్‌రేజ్ చేరాము. తాపీ వంతెన దగ్గర లారీల వరుసలో కారు ఆగిపోయింది. నాకు అలవాటైన విసుగు రాలేదు. పక్కనే కునుకు తీస్తున్నదనుకున్న మా శ్రీమతి కళ్లు తెరవకుండానే అడిగింది:

"మిగతా రెండు వందల తొంభై తొమ్మిది రోజుల సంగతేమిటండీ?"